మామిడి వాసన కొట్టిన కందులు

క్వాలిటీ అనే మాట మా బామ్మర్ది నోటి నుంచి విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. వికారాబాద్‌లో వాడిది సెల్‌ఫోన్ల దుకాణం. శని, ఆదివారాలు అనంతగిరి వైపు వచ్చే హైదరాబాద్ కుర్రకారుకు గుడారాలు అద్దెకిస్తాడు. చల్లటి గాలి పీల్చడానికి వచ్చామని చెప్పుకునే ఆ కుర్రకారు, కారు దిగింది మొదలు తిరిగి కారెక్కే దాకా పొగే పీలుస్తారు. వాళ్లకు కావలసిన వేప్ సామాను, అంటే కరెంటు సిగరెట్లు, వాటిలో పోసే నీళ్ల రంగురంగుల సీసాలు ఫోన్ కవర్ల పెట్టె అడుగున దాచి అమ్మేది మా వాడే. మన దేశంలో అది అమ్మకూడదని చట్టం ఉంది కదరా అంటే, "అందుకే బావా, మంచి క్వాలిటీ దొరుకుడు కష్టమైతున్నది" అంటాడు. దొంగసరుకులో మళ్లీ క్వాలిటీ ఏమిటో వాడికే తెలియాలి.

నాకు క్వాలిటీ గురించి చెప్పడానికి వాడెవడు? తాండూరులో ఒక పప్పు మిల్లుకు కందులు చూసి పెట్టేవాణ్ని నేను. ఇరవై ఏళ్లకు పైగా అదే పని. మార్కెట్ యార్డులో రైతులు కుప్పలు పోసుకుని నిలబడితే, ఒక్కో కుప్ప దగ్గర ఆగి, మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు తీస్తాను. గింజ కొరికితే కటుక్కుమని విరగాలి. పంటి కింద నొక్కుకుపోయిందంటే పచ్చి సరుకు. ఆ తర్వాత గుప్పెట మూసి, బొటనవేలి సందులోంచి లోపలికి వెచ్చగా ఊపిరి ఊది, వెంటనే ముక్కు దగ్గర పెట్టుకుంటాను. ఎక్కడో తడి తగిలి ముక్కిన గింజ ఉంటే ఆ వెచ్చదనానికి దాని గుట్టు బయటపడుతుంది. నేను తల అడ్డంగా ఊపిన కుప్ప దగ్గర మిగతా మిల్లులవాళ్లు కూడా ఆగరు. అది నా గొప్ప. నా కూడు కూడా అదే. పదో తరగతి తప్పినవాణ్ని, ఈ ముక్కు పోతే నన్ను పిలిచి పనిచ్చేవాళ్లు లేరు.

అలాంటి ముక్కు పెట్టుకుని ముప్పై ఏళ్లు సిగరెట్లు తాగాను. తాగినా ఒక నియమం ఉండేది. కందులు చూడడం అయ్యే దాకా సిగరెట్ ముట్టేవాణ్ని కాదు, యార్డులో అడుగు పెట్టే ముందు సబ్బుతో చేతులు కడుక్కునేవాణ్ని. చేతికి కంపు ఉంటే గింజకు అంటుతుందని, గింజ వాసన ఏదో మన వాసన ఏదో తేలదని నాకు ఈ పని నేర్పినాయన మొట్టికాయలు వేసి మరీ చెప్పాడు.

సిగరెట్ మాన్పించింది మా బిడ్డ. బీఫార్మసీ చదివి వికారాబాద్‌లో మందుల దుకాణంలో పని చేస్తుంది, పొద్దుటి రైలుకు పోయి సాయంత్రం రైలుకు వస్తుంది. ఒకరోజు నేను టీవీ ముందు కూర్చుంటే లేచి అవతలి కుర్చీలోకి పోయింది. "ఏమైంది బిడ్డా?" అంటే, "కంపు గొడుతున్నవు నాయినా. దినమంత దగ్గేటోళ్లను సూసి ఇంటికొస్తున్న, ఈడ గూడ గదే కంపు" అంది. నాకు చెంపదెబ్బ తిన్నట్టయింది. కందులకు వాసన వస్తుందేమో అని ఇంత జాగ్రత్త పడేవాణ్ని, నా పక్కన కూర్చునే పిల్లకు వాసన వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

ఆ సంగతి తెలిసి మా బామ్మర్ది ఆదివారం పూట మా ఇంటికి ఊడిపడ్డాడు. జేబులోంచి ఒక సీసా, పెన్నంత యంత్రం తీసి బల్ల మీద పెట్టాడు.

"గిది వట్టు బావా. సిగరెట్ యాదికి గూడ రాదు. ఎండకు వెట్టి సూడు, నీళ్ల లెక్క తేటగున్నది గదా? గిప్పుడు బోర్లించు. బుడగ ఎంత నిమ్మళంగ ఎక్కుతున్నదో సూడు. గట్ల చిక్కగుంటే పొగ మస్తుగొస్తది. గొంతు మండది. ఫారిన్ మాలు."

"గొంతు మండకపోతే మంచి మాలని ఎవడు జెప్పిండురా?"

"గిరాకీలు చెప్తరు బావా. పెద్ద పెద్ద కంపెనీలల్ల పనిచేసేటోళ్లు. నీకేం ఎర్క?"

నాకేం ఎరుక! కందిపప్పు అద్దంలా మెరుస్తోందంటే నూనె పట్టించారని తాండూరులో ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది. మెరుపు చూసి మురిసేది పొరుగూరి బేరగాళ్లే. తేట, చిక్కదనం, బుడగ నడక, పొగ మందం, ఇవన్నీ పైపై చూపులు. పైన పటారం, లోన లొటారం. లోపల ఏముందిరా అని అడిగితే, సీసా మీద ఉన్న మామిడిపండు బొమ్మ చూపించాడు మహానుభావుడు. ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి అని మనసులో అనుకుని, క్వాలిటీ ఎలా చూస్తారో వాడికి నేనే నేర్పుదామని పూనుకున్నాను.

సీసా మూత తీసి అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకున్నాను. రుద్దాను. జిగురుగా ఉంది. గుప్పెట మూసి, ఊపిరి ఊది, వాసన చూశాను. మామిడి. మామిడిపండు కూడా అంత మామిడి వాసన కొట్టదు. అంతటితో ఊరుకుంటే మర్యాదగా ఉండేది. కందిగింజ పంటి కింద వేసుకోనిదే తీర్పు చెప్పే అలవాటు లేదు కదా నాకు, అరచేతిలో ఉన్నది నాలుకతో అద్దుకున్నాను.

మొదట తియ్యన. తర్వాత నాలుక చివర మంట, నోట్లో నీళ్లు ఊరడం. ఐదు నిమిషాలు తిరక్కుండానే కడుపులో దేవింది, నుదుటి మీద చల్లటి చెమటలు పోశాయి. పెరట్లోకి పరుగెత్తి తిన్నదంతా కక్కాను. సాయంత్రం దాకా మంచం మీద తల తిరుగుతూ పడి ఉంటే, మా బామ్మర్ది తలాపున కూర్చుని నవ్వు ఆపుకోలేక, "అయ్యో బావా, దాన్ని నాకుతరా ఎవరన్న? అండ్ల నికోటిన్ ఉంటది" అన్నాడు. నాలుకకు చుక్క పడనిది ఊపిరితిత్తులకు ఎలా పడుతుందిరా గాడిదా అని అప్పుడే అడగవలసింది. ఆ ప్రశ్న నాకు రెండు రోజుల తర్వాత తట్టింది. అప్పటికి ఆ యంత్రం నోట్లో పెట్టుకుని ఉన్నాను.

అవును, మొదలుపెట్టాను. కక్కించిన దాన్నే మళ్లీ కొని తాగిన నా తెలివిని మా బామ్మర్ది తెలివి పక్కన పెడితే ఏది ఎక్కువో తేల్చడం కష్టం. కానీ ఒకటి చెప్పాలి. ఆ వారం మా బిడ్డ తన కుర్చీ వదిలి నా పక్కకు వచ్చి కూర్చుంది. సీరియల్ చూస్తూ నా భుజం మీద తల వాల్చింది. "సిగరెట్ బంద్ జేసినవ్ గదా నాయినా?" అంటే, "ఎప్పుడో జేసిన" అన్నాను. ఆ సంతోషం కోసం పొగ కాదు, ఏదన్నా మింగేవాణ్ని అప్పుడు.

మూడో వారంలో సీసా దొరికిపోయింది. ఉతకడానికి తీసిన చొక్కా జేబులోంచి జారి పడింది. అది ఏమిటని మా బిడ్డ నన్ను అడగలేదు. దుకాణంలో మందు డబ్బా చూసినట్టు దాన్ని అటూ ఇటూ తిప్పి, అడుగు కూడా చూసింది.

"దీన్ని ఎవరు జేసిండ్రు నాయినా?"

"మీ మామనడుగు."

"మామ జేసిండా? ఏ ఊర్ల జేసిండ్రో లేదు, ఎన్నడు జేసిండ్రో లేదు, నికోటిన్ ఎంతేసిండ్రో లేదు. దగ్గు మందు సీసా మీద గియ్యి లేకుంటే మేం దుకాణంలకే రానియ్యం."

"మంచి వాసనొస్తది గదనే. మామిడిపండుది."

"తినేటి దాంట్ల ఏసే వాసన పీల్చుకుంటే ఒక్కటేనా? రేపు నీ పానానికేమన్న అయితే ఎవల్ని పట్టుకోవాలె?"

నాకు కోపమొచ్చింది. రెండేళ్లు మందుల దుకాణంలో నిలబడగానే డాక్టరమ్మవైపోయావా అన్నాను. ఇరవై ఏళ్లుగా నేను చూసినంత సరుకు నువ్వు చూడలేదన్నాను. ఆమె సీసా బల్ల మీద పెట్టి అవతలి కుర్చీలోకి పోయింది. ఆ కుర్చీ కిర్రుమన్న చప్పుడు నాకు నచ్చలేదు.

మర్నాడు పొద్దున, చలిలో, యార్డు గేటు బయట టీ కొట్టు వెనక నిలబడి యంత్రంలో ఆ నీళ్లు పోసుకున్నాను. వేళ్ల మీద ఒలికితే తువ్వాలుకు తుడుచుకున్నాను. చేతులు కడుక్కోలేదు. ఇది సిగరెట్ కాదు కదా, కంపు లేనిదానికి కడగడమెందుకు? మూడు వారాలుగా ఆ నియమం వదిలేశాను.

ఆ రోజు మొదటి కుప్ప దౌల్తాబాద్ దిక్కు నుంచి వచ్చిన రైతుది. అరవై ఏళ్ల మనిషి, బక్కగా ఉన్నాడు. కుప్ప అంచులు చేత్తో సర్దుతూ నిలబడ్డాడు. నేను చెయ్యి దూర్చి గుప్పెడు తీశాను. ఊపిరి ఊదాను. గుప్పెట్లోంచి తియ్యటి వాసన గుప్పుమంది.

"ఏం గలిపినవ్ పెద్దాయనా గిండ్ల?"

"కందులల్ల ఏం గలుపుతరు సారు? ఎండవెట్టి తెచ్చిన, గంతే."

"తియ్యటి వాసనొస్తున్నది. పురుగు వట్టకుండ ఏదో మందు గొట్టినవ్. గిసుంటి మాలు మాకొద్దు."

అక్కడితో ఆగలేదు. ఈ కాలపు రైతులు ఎలా తయారయ్యారో, జనం తినే దాంట్లో ఏమేం కలుపుతున్నారో నలుగురూ వినేటట్టు ఉపన్యాసం ఇచ్చాను. నా వెనక వస్తున్న మిగతా మిల్లులవాళ్లు ఆ కుప్ప వైపు చూడకుండా ముందుకు వెళ్లిపోయారు. ఆయన మొహం వాడిపోయింది. మందు కొట్టాడన్న పేరు పడిన కుప్పను మళ్లీ బస్తాలకెత్తి దౌల్తాబాద్ తీసుకుపోవాలి. వచ్చే వారం తెచ్చినా ఆ మనిషిని గుర్తుపట్టి ఎవరూ ఆగరు. ఆయన కాళ్ల దగ్గర పడి ఉన్నది ఆ ఏడాది పంటంతా.

"నా చేన్ల పండినయి సారు. నేనే కోసిన, నేనే తెచ్చిన, ఈడనే నిలవడ్డ. తప్పు జేసినోడు పారిపోతడు గని నేనేడికి పోయిన?" అన్నాడు. ఎవల్ని పట్టుకోవాలె అని రాత్రి మా బిడ్డ అడిగిన మాట చెవిలో గిర్రున తిరిగింది. నేను పీల్చేదాని వెనక నిలబడేవాడు ఒక్కడన్నా లేడు.

ఆయన తనే ఒక గుప్పెడు తీసి, నాలాగే ఊపిరి ఊది, పక్కనున్న హమాలీ ముక్కు దగ్గర పెట్టాడు. హమాలీ తల అడ్డంగా ఊపాడు, ఏ వాసనా లేదని. అప్పుడు ఆయన నా మణికట్టు పట్టుకుని నా వేళ్లు వాసన చూశాడు.

"కందులకు గాదు సారు. నీ చేతికున్నది."

పుష్యమాసంలో మామిడి వాసన! హమాలీలు ఒకరి తర్వాత ఒకరు వంగి నా చెయ్యి వాసన చూశారు. కర్ణాటక వైపు వాళ్లు కన్నడంలో ఏదో అనుకుని నవ్వారు. ఆ మాటలు తెలియకపోయినా సంగతి తెలిసింది. సిగ్గుతో నేల చీలితే బాగుండుననిపించింది. వెళ్లిపోవడానికి ఒక అడుగు వేశాను కూడా. ఆయన ఇంకా కుప్ప పక్కనే నిలబడి ఉన్నాడు.

ముందుకు పోయిన మిల్లులవాళ్లు నలుగురు. ఒక్కొక్కరి దగ్గరికి పోయి నా చెయ్యి వాళ్ల ముక్కుల ముందు పెట్టాను. "వాసన నా చేతిది. ఆయన కందులది గాదు" అని నలుగురికీ చెప్పాను. ఒకాయన పళ్లికిలించి, "గీ యాళల మామిడిపండ్లు ఏడ దొరికినయి?" అన్నాడు. ఎక్కడ దొరికాయో అది కూడా చెప్పాను. వాళ్లు వెనక్కి వచ్చారు, కానీ కుప్ప మీద చెయ్యి వెయ్యలేదు. "చేతులు కడుక్కొని నువ్వే మల్ల సూసి చెప్పు" అన్నారు. యార్డు పద్ధతి అది. కాదన్నవాడే అవుననాలి.

నల్లా దగ్గర సబ్బుతో కడిగాను, మట్టితో రుద్ది మళ్లీ కడిగాను. వచ్చి మోచేతి దాకా చెయ్యి దూర్చాను. గింజ కొరికితే కటుక్కుమంది. గుప్పెట మూసి ఊపిరి ఊది ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మామిడి లేదు. ముక్కిన వాసన లేదు. మంచి కందులకు ఎండిన పొట్టు వాసన సన్నగా ఉంటుంది, అది కూడా లేదు. ఇంకోసారి ఊదాను. ఏమీ లేదు. ముప్పై ఏళ్ల సిగరెట్ మీద ఈ తియ్యటి మూత కూడా పడింది. మంచిగున్నయి అనేస్తే అయిపోతుంది. అందరూ నా మొహమే చూస్తున్నారు.

గుప్పెట ఆయన ముందుకు చాపాను. "నాకు వాసన తెలుస్తలేదు పెద్దాయనా. నువ్వు సూసి చెప్పు."

అమ్మేవాడి చేత సరుకు చూపించడం యార్డులో ఎవరూ ఎరగరు. ఆయన నవ్వలేదు. నా గుప్పెట మీద వంగి నెమ్మదిగా వాసన చూసి, "పొట్టు వాసన, ఇంకేం లేదు" అన్నాడు. నేను ఆ మాటే మిల్లులవాళ్ల వైపు తిరిగి గట్టిగా చెప్పాను. వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, తలో గుప్పెడు తీసి చూసుకుని, చివరికి బేరానికి దిగారు. కందులు అమ్ముడుపోయాయి.

హమాలీలు బస్తాలకెత్తుతుంటే ఆయన నా దగ్గరికి వచ్చాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడినా బాగుండేది.

"ఎన్నొద్దులాయె సారు, నీ ముక్కు గిట్లయి?" అని అడిగాడు.

మూడు వారాలు. రోజుకు ఇరవై, ముప్పై కుప్పలు. వాటిలో ఎన్నింటి ముందు నా చేతి వాసనకే తల అడ్డంగా ఊపాను, ఎవరెవరు బస్తాలు మళ్లీ బండికెత్తుకుని పోయారు అని గుర్తు చేసుకుంటూ నిలబడిపోయాను. ఒక్క మొహం కూడా గుర్తు రాలేదు.