ఖాకీ విప్పిన మధ్యాహ్నం

ఈ సంగతి కాగితం మీద పెట్టాలని పోయిన వారమే గట్టిగా అనుకున్నాను. కమలాపురంలో టీ అంగడి ముందు నిలబడి ఉంటే, నన్నెరగని ఒకతను పక్కనున్నవాడికి కథ చెబుతున్నాడు. "మన ఊరాయనే అంటప్పా. అడివిలో గుడ్డలిప్పేసి, బండరాయెక్కి కేకలేసినాడంట. గడ్డి కోసే ఆడోళ్లు చూసి ఒకటే నవ్వు!" ఇద్దరూ పొట్ట పట్టుకున్నారు. నేనూ నవ్వి, సగం టీ అక్కడే పెట్టేశాను. ఆ ఊరాయన నేనే. కథను ఊళ్లోకి వదిలింది మా అక్క మొగుడు, అంటే మా బావ. రెండేళ్లుగా అది నోటినోటికీ మారి బాగా నునుపెక్కింది. అందులో ఇప్పుడు దాహం లేదు, భయం లేదు. నేను రాయకపోతే నవ్వు ఒక్కటే మిగులుతుంది.

నేను పదో తరగతి తప్పినవాడిని. కాలిన మోటార్లకు వైండింగు చుట్టడం నా పని. సాయంత్రం అంగడి కట్టేసి శాఖా గ్రంథాలయానికి పోయి, కింది అర నుంచి పై అర దాకా వరసగా చదువుకుంటూ వచ్చినవాడిని. ఆ గర్వం నాకుంది, దాచుకోను. మా బావ పుస్తకం ముట్టడు. వేపపుల్ల పట్టుకుని పొలాల్లో నడిచి, బోరు ఎక్కడ వేయాలో చూపిస్తాడు. ఆయన చూపిన బోర్లలో నీళ్లు అడుగంటాక కాలే మోటార్లు నా దగ్గరికి వచ్చేవి. అట్లా ఇద్దరమూ చాలాకాలం ఒకే బోరు మీద బతికాం.

అడవుల్లో తిరగడం గురించిన పుస్తకం ఒకటి మూడుసార్లు చదివాక నాకు ఆశ పుట్టింది. వీపున సంచీ వేసుకుని శనివారం పాలకొండలు ఎక్కడం, పైన ఒక రాత్రి ఉండడం, ఆదివారం అవతలి లోయగుండా చుట్టి రావడం. జంతువులు బెదరకుండా మట్టిరంగు బట్టలు వేసుకోవాలని ఆ పుస్తకంలో ఉంది. బట్టల అంగట్లో ఆ రంగు దొరికింది ఖాకీ ఒక్కటే. బావనూ తోడు రమ్మని ఒప్పించి, ఇద్దరికీ ప్యాంట్లూ చొక్కాలూ తెచ్చాను. అక్క గడపలో నిలబడి మమ్మల్ని పైనుంచి కిందికి చూసింది. "మీ బావకు నువ్వు చెప్పిందల్లా వేదం. మనిషిని ఎట్ల తీస్కపోతాండావో అట్లే తీస్కరా," అంది. ఆమె నవ్వలేదు.

శివరాత్రి పోయి పది దినాలైంది. కింద చెక్‌పోస్టులో పేర్లు రాయించి ఎక్కాం. ఆకు రాలిన కొండ మీద మోదుగ ఒక్కటే మంట పెట్టినట్టు పూసి ఉంది. అంత నిశ్శబ్దం నేనెన్నడూ వినలేదు. మా చెప్పుల చప్పుడుకే మేము వెనక్కి తిరిగి చూసుకునేవాళ్లం. నీళ్లు తలా రెండు సీసాలు మోశాం. మిగతాది లోయలో వాగు ఇస్తుందని నా లెక్క. శనివారం సాయంత్రం పైనుంచి చూస్తే వాగు తెల్లగా మెరిసింది. ఆదివారం పొద్దున దిగి చూస్తే ఆ తెలుపంతా ఇసుకే.

మోచేతి దాకా తవ్వాను. తడి కూడా తగల్లేదు. బావ ఒక పుల్ల విరిచి, కళ్లు మూసుకుని, వాగులో అటూ ఇటూ నడిచాడు. "ఉండాది బామ్మర్దీ. ఇన్నూరు అడుగుల కింద శానా ఉండాది. మోటరు తెచ్చినావా?" అన్నాడు. ఆ దినం ఆయన వేసిన ఆఖరు జోకు అదే.

వాగు పొడుగునా పోతే రోడ్డు వస్తుందని పోయాం. వాగు రెండుగా చీలింది. నేను ఎడమది అన్నాను. గంట నడిచాక అది నిలువు బండకు తగిలి ఆగిపోయింది. వెనక్కి వచ్చేసరికి సీసాలు ఖాళీ. ఫోనులో సిగ్నలు లేదు. బావ మాట్లాడడం మానేశాడు. దాహం కంటే ముందు నన్ను భయపెట్టింది అదే, ఎందుకంటే ఆయన నిద్రలో కూడా మాట్లాడే మనిషి. కాసేపటికి పిక్కలు పట్టేసి, ఒక తపసి చెట్టు కింద కూలబడ్డాడు. "నువ్వు పో. నేనీడ్నే ఉంటా," అన్నాడు. చెయ్యి పట్టుకుంటే అంత ఎండలోనూ చెమట లేదు. కాగిన పెనంలా ఉంది. తర్వాత నన్ను "చిన్నోడా" అని పిలవడం మొదలుపెట్టాడు. చిన్నోడంటే ఆయన తమ్ముడు. పోయి పదేళ్లయింది.

నేను చదివిన పుస్తకాలన్నీ తలలో తిరగేశాను. ఒక్కదాంట్లోనూ చుక్క నీళ్లు లేవు. అక్క గడప కళ్ల ముందుకు వచ్చింది. ఒంటరిగా ఆ గడప దగ్గరికి పోయి ఏమని చెప్పాలో మాటలు కూడా కూర్చుకోసాగాను. మనిషి ఇంకా ఊపిరి తీస్తుండగానే ఆ పని చేశాను. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

అప్పుడు కింది నుంచి కొడవలి చప్పుడు, ఆడవాళ్ల మాటలు వినిపించాయి. "అమ్మా! నీళ్లు!" అని అరుస్తూ పొదల్లోంచి బయటపడ్డాను. చీపురుగడ్డి కోస్తున్న ఇద్దరు తల ఎత్తారు. "ఫారెస్టు ఖాకీలొచ్చినారే! కొడవలి లాక్కుంటారు, పా!" అని ఒకామె కేక వేసింది. ఇద్దరూ పరుగు. నేను వెంటపడ్డాను. నేనెంత పరిగెత్తితే వాళ్లు అంతకంటే వేగంగా పరిగెత్తారు. రాయి తట్టుకుని పడ్డాక గానీ నా ఒంటి మీద ఏముందో నాకు తెలియలేదు.

చొక్కా విప్పాను. ప్యాంటూ విప్పాను. గీతల డ్రాయరుతో బండరాయి ఎక్కి, చేతులు పైకెత్తి అరిచాను. "అమ్మా! నేను ఆఫీసరును కాదు! మోటార్లు చుట్టేవాన్ని! మా బావ సచ్చిపోతాండాడు!" ఎన్నిసార్లు అరిచానో తెలియదు. చివరికి గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. కొండ కదల్లేదు. అంతా అయిపోయిందనుకుని బండ మీద కూర్చుండిపోయాను.

"ఏందప్పా ఆ యేషం? ముందు గుడ్డలేసుకో," అని ఒక పొద మాట్లాడింది.

"యేసుకుంటే మళ్లా పరిగెత్తుతారమ్మా."

కొడవలి చేత్తో ఒకామె పొద దాటి వచ్చింది. "అయితే అట్నే ఉండు. మనిషి యాడ?"

ఆమె నా ఈడు మనిషి. ఆమె వెనక తోడికోడలు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. బావను చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది. పెద్దామె తడిగోనె చుట్టిన సీసా తీసింది. నేను లాక్కోబోతే చేతి మీద ఒక్కటి వేసింది. "గడగడ పోస్తే కక్కుతాడు. నీ ఆత్రానికి సంపుతావా?" సీసా మూతలో నీళ్లు పోసి, పెదవుల మధ్య ఒంపి, "ప్రభువా" అని ఊరుకుంది. తోడికోడలు కొంగు తడిపి నుదుటి మీద వేసింది. రెండో మూత. పక్కనుంచి కారిపోయింది. మళ్లీ ఎదురుచూపు. నేను ఆయన గొంతు మీది ముడినే చూస్తున్నాను. అది కదలదు. మూడు. నాలుగు. ఆరో మూతకు ఆ ముడి పైకి లేచి కిందికి దిగింది. ఇంకా కొన్ని మూతలయ్యాక కళ్లు తెరిచి నన్ను చూశాడు.

"ఏమ్రా, గుడ్డలేడికి పాయె?" అన్నాడు.

నేను బోరున ఏడ్చాను. బావ కథ అక్కడే మొదలవుతుంది. అంతకు ముందుది ఆయనకు గుర్తు లేదు, బండ సంగతి ఆ ఆడవాళ్లు చెబితే విన్నదే. అందుకే ఊళ్లో ఆయన చెప్పేది అబద్ధమని ఎప్పుడూ అనలేకపోయాను.

ఇక నేను చేతులెత్తి మొక్కాల్సినవాళ్లు ఉన్నారు. ఆ నీళ్లు పోసిన మరియమ్మకు. కోసిన గడ్డంతా అక్కడే వదిలి, బావకు ఒక పక్క భుజం పట్టి రోడ్డు దాకా దింపిన సుగుణమ్మకు. విప్పిన గుడ్డలు బండ దగ్గరే మరిచిన నాకు ఆటోలోని తన లుంగీ ఇచ్చి, కడప ఆసుపత్రి దాకా హారను మీది చెయ్యి తీయని ఆటో ఖాజాకు. రెండు దినాలు సెలైను మార్చిన నర్సు లక్ష్మీదేవికి. ఆ పూట నన్ను ఒక్క మాటా అనకుండా, మొగుడి కాళ్లు ఒత్తుతూ కూర్చున్న మా అక్క ఓబులమ్మకు.

అంగట్లో ముప్పై ఏళ్లు ఎట్లా గడిచాయో నన్నడిగితే చెప్పలేను. ఆ మధ్యాహ్నం ఒక మూతకూ ఇంకో మూతకూ నడుమ ఉన్న కాలం మాత్రం నాకింకా గడవలేదు.