నాయన తొడలోని రాడ్డు

దొనకొండ దగ్గర మా పల్లెలో నాకు నాయన తప్ప ఎవరూ లేరు. ఆయన పోయిన మరుసటేడు, ఈస్టరుకు ముందు సమాధికి సున్నం కొడదామని పోతే సమాధే కనపడలేదు. ముళ్ల చిల్లచెట్లు పీకడానికి వచ్చిన జేసీబీ మట్టిదిబ్బలన్నీ చదును చేసి పోయింది. చెక్క సిలువ కూడా లేదు.

ఏడుస్తూ కూర్చుంటే, నాయన తొడలో వేసిన స్టీలు రాడ్డు గుర్తొచ్చింది. చలికాలం వస్తే చాలు, "ఈ ఇనుము నా ప్రాణం తీస్తాందమ్మా" అని తిట్టుకునేవాడు.

గిద్దలూరులో భూమిలోని పైపుల జాడ పట్టే మస్తాన్ అన్నను బతిమాలి పిల్చుకొచ్చినాను. డిటెక్టర్ ఆన్ చేయగానే అడుగడుక్కీ మోతే. "ఇవి శవప్పెట్టెల మేకులు చెల్లెమ్మా" అని తుప్పు ఇనుము మోగకుండా సెట్ చేసినాడు. అంతే, మిషను మూగబోయింది.

"మరీ తగ్గించినట్టున్నా" అంటూ ఆయన కొంచెం కొంచెంగా పెంచినాడు. "మేకులైతే చిటచిటమంటాయి. రాడ్డయితే ఆపకుండా పలుకుతాది. పైమట్టి పోయింది గాబట్టి అందుతాది."

కంచె పక్కన మిషను ఒక్కసారిగా కూసింది. నిలువునా జరిపితే మూరెడు పొడవునా మోగింది, అడ్డంగా జరిపితే టక్కున ఆగింది.

"నాయనా!" అని అరిచినాను. పక్కన జేసీబీకి చెదరని సిమెంటు సమాధులకు సున్నం కొట్టేవాళ్లు తిరిగి చూసినారు. సిగ్గేసింది.

మస్తాన్ అన్న మిషను ఆపబోతే, "అన్నా, ఇంకొక్కసారి" అన్నాను. ఆయన మళ్లీ మళ్లీ జరిపినాడు, నేను మళ్లీ మళ్లీ "నాయనా" అని పిలిచినాను.

నాయన పోయినాక మా ఇంట్లో నేను పిలిస్తే పలికేవాళ్లు లేరు. ఆ పొద్దు మాత్రం పిలిచిన ప్రతిసారీ పలికినాడు.