చర్చి వీధికి నీళ్లు వదలక ముందు

మేం ఆ పట్టణం చేరింది ఉదయం తొమ్మిదీ ఇరవైకి. 2014 అక్టోబరు. తుఫాను వెళ్లి తొమ్మిది రోజులైంది. భోగాపురం దాటిన దగ్గర్నుంచి రోడ్డుకు రెండు పక్కలా కొబ్బరిచెట్లు ఒకే దిక్కుకు పడి ఉన్నాయి. జీడితోటలు నేలకు అంటుకుపోయాయి. కరెంటు లేదు. గాలి అసలు లేదు. యూనిఫాం వీపుకు అతుక్కుపోయింది.

నాకప్పుడు ఇరవై అయిదేళ్లు. ఇంజనీర్ల దళంలో లెఫ్టినెంట్‌ని. సివిల్ ఇంజనీరింగ్ చదివి సైన్యంలో చేరి మూడేళ్లు. మాది శృంగవరపుకోట కాబట్టి అక్కడి మాట వచ్చని నన్ను పంపారు. మొదటి వారం దళమంతా ఉండి రోడ్ల మీది చెట్లు కోసింది. తర్వాత అందరూ వెళ్లిపోయారు. నలుగురం మిగిలాం. నేను, పంపుల పని తెలిసిన హవల్దార్, రేడియో జవాను, డ్రైవరు. పంప్‌హౌస్ పక్కనున్న రేకుల గోడౌను మా బస.

మాకిచ్చిన ఆర్డరు ఒక్క పేజీ. ఆ ఊరికి ఏటి ఇసుకలో తవ్విన నాలుగు ఊటబావుల నుంచి నీళ్లు వస్తాయి. వరదకు రెండు పూడిపోయాయి. కొండల వైపు జలాశయం నుంచి కొత్త లైను అప్పటికే వేసి ఉంది. ఆ నీళ్లు పాత నీళ్లలో కలిపి ఊరికి వదలాలి. వదిలే ముందు ఊళ్లో పాత గొట్టాలు కొత్త నీళ్లకు తట్టుకుంటాయో లేదో పరీక్షించాలి. మున్సిపాలిటీ దగ్గర ఆ పరీక్ష చేసే మనిషి లేడు. కాబట్టి నేను చేసి, సంతకం పెట్టాలి.

నీళ్లు నీళ్లే కదా, పరీక్ష ఎందుకని చాలామంది అడిగారు. ఇంట్లో మా అమ్మ కూడా అడిగింది. ఊటబావి నీళ్లు కాస్త గట్టి నీళ్లు. ఏళ్ల తరబడి ఆ నీళ్లు పారి గొట్టం లోపల ఒక పొర కడుతుంది. ఇనుముకూ నీటికీ మధ్య ఆ పొరే అడ్డం. జలాశయం నీళ్లు మెత్తటివి. అవి ఆ పొరను తినేస్తే కింద ఉన్న లోహం నీళ్లలోకి వస్తుంది. తుప్పు వస్తే కంటికి కనిపిస్తుంది. ఆ ఊరి పాత గొట్టాలను మాత్రం సీసం కరిగించి పోసి అతికారు. సీసం వస్తే కంటికి కనిపించదు, రుచి తెలియదు. చంటిపిల్లలకు అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేసేది అదే.

మా దగ్గరున్నవి: చిన్న పంపులు మూడు. జనరేటరు ఒకటి. గాజు పెట్టెలో ఉండే సున్నితమైన త్రాసు. బొటనవేలంత పొడవున్న ఇనప రేకులు ముప్పై ఆరు, ప్రతిదాని మీదా అంకె. హవల్దార్ గోడౌనులో మూడు గొట్టాల వలయాలు కట్టాడు. ఒకదానిలో కొత్త నీళ్లు పావు వంతు, ఇంకోదానిలో సగం, మూడోదానిలో ముప్పాతిక. రేకులు తూచి వాటిలో వేలాడదీశాం. ముప్పై రోజులు నీళ్లు తిరగాలి. తర్వాత తీసి, కడిగి, మళ్లీ తూచాలి. తగ్గిన బరువు ఎంతో నీళ్లు తిన్న ఇనుము అంత. ఇనుమును తినని నీళ్లు సీసం అతుకునూ తినవని మా లెక్క.

నీళ్లు ఒక్క నిమిషం ఆగకూడదని హవల్దార్ పట్టుదల. జనరేటరుకు డీజిలు ఎప్పుడు పోయాలో పలక మీద గంటల వారీగా రాసిపెట్టాడు. ముగ్గురూ వంతులు వేసుకుని కాపలా కాశారు. ఆయనది పలాస వైపు. పొద్దున్నే వలయాల చుట్టూ తిరిగి చెయ్యి వేసి చూసేవాడు.

"ఏటి హవల్దార్, జొరం సూస్తన్నారా?" అని రేడియో జవాను అడిగేవాడు.

"నీ ఒంట్లో ఉన్న సత్తువ కన్నా దీనికెక్కువున్నాది. పో, డీజిలెట్రా."

ఊళ్లో మాకు దారి చూపించింది వాల్వులు తిప్పే పైడిరాజు. యాభై దాటిన మనిషి. భుజం మీద మనిషెత్తు ఇనప తాళంచెవి. ఆ ఊరి గొట్టాలు ఏ వీధిలో ఎంత లోతున ఉన్నాయో కాగితాల్లో లేదు. ఆయనకు తెలుసు. సీసం అతుకుల్లో చాలావరకు వాళ్ల నాన్న పోసినవే. మూడో రోజు నేను "మావా" అని పిలిచాను. ఆగి, తలపాగా విప్పి, మళ్లీ చుట్టుకున్నాడు.

"ఆర్మీ ఆఫీసరమ్మ మావా అన్నాదంటే మా ఆడది నమ్మదు. రేపు ఇంటికొచ్చి ఒక్కసారి అనమ్మా."

ఆయన నీళ్లు వదిలే వరసలో చివరిది చర్చి వీధి. లైను అక్కడితో ఆఖరు. తుఫాను తర్వాత ఆ వీధికి కుళాయి నీళ్లు రావడం మానేశాయి. రెండు రోజులకొక ట్యాంకరు వస్తుంది. అది రాకపోతే ఉప్పు బోరే గతి. వీధి చివరి ఇంట్లో ఎస్తేరు ఉండేది. నా కన్నా రెండేళ్లు చిన్న. చంకలో ఎనిమిది నెలల పాప. భర్త మేస్త్రీ పనికి పోతాడు. నేను గొట్టాలు చూడడానికి వెళ్లినప్పుడల్లా గుమ్మంలోకొచ్చి నిలబడేది.

"ఏటమ్మా, నీళ్లకి పరీచ్చలా? నీళ్లేటి టెన్తు రాస్తన్నాయేటి?"

"రాస్తున్నాయి. ముప్పై రోజులు పడుతుంది."

"మా ఆడపడుసు మూడేళ్లు రాసినాది. బేగి పాస్ సేయించండమ్మా. గుంటకి ఆ బోరునీళ్లు పడతన్లేదు. రోజుకి ఆరుసార్లు ఎల్లిపోతన్నాది."

విరేచనాలతో నలిగిన పాపను చూశాను. కళ్లు పెద్దవి, కాళ్లు సన్నం. బస చేరాక హవల్దార్‌కు చెప్పాను. మాకు తాగడానికి చేతి వడపోత పెట్టె ఒకటి ఉండేది. నలుగురికి సరిపడా నీళ్లే ఇస్తుంది. మర్నాడు ఆరు గంటలకు ఆయన రెండు క్యాన్లు సైకిల్‌కు కట్టుకుని బయలుదేరాడు.

"ఎక్కడికి?"

"సర్చి ఈధికి, మేడమ్ సాబ్. మన టీలు రెండు తగ్గిస్తే సరిపోతాది." నేను ఆర్డరు ఇవ్వలేదు. ఆపనూ లేదు.

మేం వచ్చిన ముప్పై ఆరో రోజు రేకులు తీశాం. ఉదయం పది. చిన్న వాన. కడిగి, ఆరబెట్టి, తూచాం. సగం సగం కలిపిన నీళ్లలో రేకులు దాదాపు తగ్గనే లేదు. రెండుసార్లు తూచాను. అదే అంకె. సగం కలపవచ్చు. చర్చి వీధి దాకా నీళ్లు వెళ్తాయి. డ్రైవరు బజారుకెళ్లి మైసూర్‌పాక్ తెచ్చాడు. నేను రిపోర్టు రాసి, పెన్ను మూత తీశాను.

అప్పుడు పైడిరాజు మావ వచ్చాడు, మేం తీసుకున్న పార అడగడానికి. మైసూర్‌పాక్ తింటూ వలయం ముందు నిలబడ్డాడు.

"ఈ నీళ్లు ఎన్నింటికి కట్టీస్తారు?"

హవల్దార్‌కు పౌరుషం వచ్చింది. "కట్టడమేటి? ముప్పై రోజులు ఒక్క నిమిషం ఆగలేదు. నిండుగా తిరిగినాది."

పైడిరాజు మావ నవ్వలేదు. చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. "ఏటనుకోకమ్మా. మరైతే ఇది మా ఊరి గొట్టం కాదు. మా ఊరి గొట్టం పొద్దున్న గంటసేపే నిండుగుంటాది. నాను వాల్వు కట్టీసినాక మరి మర్నాటి దాకా కాళీయే. లోపలంతా తడి, గాలి. ఇనప మూకుడు నీళ్లలో ఉంచితే ఏటవదు. సగం తడిపి గట్టు మీద పెట్టండి, తెల్లారేసరికి సూడండి."

హవల్దార్ నా వైపు చూశాడు. నేను పెన్ను మూత పెట్టేశాను. ఆ ఊళ్లో నీళ్లు గంటే వస్తాయని మాకు మొదటి రోజు నుంచీ తెలుసు. ఆ గంట కోసం బిందెలు వరసలో పెట్టడం రోజూ చూశాం. అయినా మా వలయం ఆగకుండా చూసుకోవడంలో పడి ఆ సంగతి పరీక్షలోకి తేలేదు. ఎంత శ్రద్ధగా చేశామో అంత పెద్ద తప్పు చేశాం.

మధ్యాహ్నం పన్నెండుకు రేడియోలో విశాఖపట్నంలోని మా మేజరుతో మాట్లాడాను.

"సంతకం అయిందా? ఓవర్."

"లేదు సార్. పరీక్ష తప్పు. మళ్లీ చేయాలి. ఇంకో నలభై రోజులు. ఓవర్."

గరగర. "తప్పు ఎవరిది? ఓవర్."

"నాది సార్. ఓవర్."

"కనిపెట్టింది ఎవరు? ఓవర్."

"వాల్వులు తిప్పే ఆయన. ఓవర్."

"ఆయన చెప్పినట్టు చెయ్. డీజిలు పంపిస్తాను. అవుట్."

తిడతాడనుకున్నాను. ఆయనకు ఈరోజుకీ కృతజ్ఞురాలిని.

కష్టమైన పని ఎస్తేరుకు చెప్పడం. సాయంత్రం అయిదుకు నేనే వెళ్లాను. విని, పాపను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది.

"ఇంకా నలభై రోజులా? మీరు పరీచ్చలు రాసుకోండమ్మా. నా గుంట ఎదిగీసరికి పాసవుతారు."

సీసం గురించి చెప్పాను. నేను తొందరపడి సంతకం పెడితే పాపకు విరేచనాలు తగ్గుతాయి కానీ ఒంట్లో విషం చేరుతుందని, అది బయటకు తెలియదని చెప్పాను.

"మీకు పిల్లలున్నారేటమ్మా?"

"లేరు."

"మరి మీకేటి తెలుస్తాది," అంది. గట్టిగా అనలేదు. లోపలికి వెళ్లిపోయింది. మర్నాడు హవల్దార్ క్యాన్లు మాత్రం తీసుకుంది.

పైడిరాజు మావ చర్చి వీధిలో తవ్వి, వాళ్ల నాన్న పోసిన సీసం అతుకుతో సహా రెండడుగుల గొట్టం కోసి తెచ్చాడు. దాన్ని సగం కలిపిన నీళ్ల వలయంలో కట్టాం. పొద్దున్న అయిదున్నరకు నింపడం. ఆరున్నరకు వదిలెయ్యడం. మర్నాటిదాకా ఖాళీ. అచ్చంగా ఊళ్లో ఉన్నట్టే. ఈ కొత్త పరీక్ష నాలుగో రోజు గొట్టం నింపగానే వచ్చిన తొలినీళ్లను తెల్ల పింగాణీ గిన్నెలో పట్టాం. టీ డికాక్షన్ రంగు. హవల్దార్ గిన్నె కింద పెట్టి బయటికెళ్లిపోయాడు. ఆ నీళ్లు సీసాల్లో పోసి విశాఖపట్నం ల్యాబుకు పంపాం. పదకొండో రోజు కాగితం వచ్చింది. సీసం హద్దు దాటింది. చాలా దాటింది.

ఆ కాగితం చేతిలో పట్టుకుని రాళ్ల గుట్ట మీద కూర్చున్నాను. పైడిరాజు మావ రాకపోయి ఉంటే, పార మర్నాడు అడుగుదామనుకుని ఉంటే అని లెక్క వేసుకుంటూ ఉండిపోయాను.

కొత్త నీళ్లు పావు వంతుకు తగ్గించాం; ధార సన్నబడినా చర్చి వీధి దాకా వెళ్తుంది. దానికి సున్నం కలిపి కాస్త గట్టిపరిచాం. నాలుగు రేకులు వేలాడదీసి మళ్లీ నింపడం, వదలడం. మావ సున్నం బస్తా మోస్తూ, "గొట్టానికి తాంబూలం పెడతన్నావేటమ్మా?" అన్నాడు. నిజంగా అదే పని. సున్నం నీళ్లు ఇనుము మీద, సీసం మీద పల్చటి పొర వేస్తాయి. రెండోసారి తొలినీళ్లు లేత పసుపు. మూడోసారి తేట. డిసెంబరు వచ్చింది. చర్చి వీధిలో ఇళ్ల ముందు కాగితం నక్షత్రాలు కట్టారు. పొద్దున్న మంచు. డెబ్బై రెండో రోజు ల్యాబు కాగితం వచ్చింది. సీసం హద్దుకు బాగా కింద. నాలుగు రేకులు తూచాను. నాలుగూ బాగున్నాయి. సంతకం పెట్టాను. దాని కింద పైడిరాజు మావ పేరు రాసి, 'పరీక్ష విధానం సరిదిద్దినవారు' అని రాశాను. చదివి వినిపిస్తే, "ఇంక మా ఆడది నమ్ముతాది," అన్నాడు.

డెబ్బై ఏడో రోజు. ఉదయం అయిదూ నలభై. చలి. మావ ఆఖరి వాల్వు తిప్పాడు. మొదటి పది నిమిషాలు నీళ్లు కాలవలోకి వదిలేశాం. చర్చి వీధి అంతా బిందెలతో నిలబడింది. చివరి కుళాయి దగ్గర హవల్దార్ తెల్ల గిన్నె పట్టుకుని, చూసి, నాకు చూపించాడు. తేట. ఎస్తేరు బిందె పెట్టింది. బిందె నిండాక ఒక గ్లాసు ముంచి నాకిచ్చింది. తాగాను.

"సల్లగున్నాయా?" అని అడిగింది.

"చల్లగా ఉన్నాయి."

"మరి కూకోండి. టీ పెడతాను. ఈ నీళ్లతోనే."

ఎనిమిదిన్నరకు మా ట్రక్కు బయలుదేరింది. మావ తాళంచెవి భుజాన వేసుకుని రోడ్డు మలుపు దాకా నడిచి వచ్చాడు. సెల్యూట్ చేశాను. ఎలా తిరిగి చెయ్యాలో తెలియక రెండు చేతులూ జోడించాడు.

రెండేళ్లకు సైన్యం వదిలాను. ఇప్పుడు నాకు పదకొండు నెలల కూతురుంది. దానికి పాలు కలపడానికి నీళ్లు కాచిన ప్రతిసారీ గిన్నె వెలుతురు కింద పెట్టి చూస్తాను. మా వారు నవ్వుతారు. నవ్వనీ. 'మీకేటి తెలుస్తాది' అని ఎస్తేరు అన్నదానికి జవాబు నాకు ఇప్పుడే దొరికింది. అది లేకుండానే ఆ రోజుల్లో నన్ను సరైన దారిలో ఉంచిన వాళ్లందరికీ నేను రుణపడి ఉన్నాను.

ఒక్కటి మాత్రం నన్ను వదలదు. ఆ ఉదయం ఎస్తేరు టీ పెట్టడానికి లోపలికెళుతూ పాపను నా చేతికిచ్చింది. కుళాయి ఇంకా పారుతోంది. పాప ముందుకు వంగి అరచేతితో ధారను కొట్టింది. నీళ్లు నా మొహం మీద చిందాయి. నేను ఆపేలోపే ఆ తడి చెయ్యి మొత్తం నోట్లో పెట్టుకుని, వేళ్లు చప్పరిస్తూ, నా వైపు చూసింది.