ఎవరి కంట్రోల్ డి వాళ్లది

బిలోలి రైతుబిడ్డ శుభాంగికి సంతోషమొస్తే కుర్చీలో కుదురుండదు. నాందేడ్‌లో చదువు ముగించి, అదే ఊరి వజీరాబాద్‌లో మేడమీదున్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరిన కొద్దిరోజులకే ఆ సంగతి అక్కడ అందరికీ తెలిసిపోయింది.

అందరూ అంటే ఆమెతో కలిపి ముగ్గురే. కోడు రాయడానికి ఒక్కొక్కరిదీ ఒక్కో ఎడిటర్ ప్రోగ్రాం. కంట్రోల్‌తో పాటు డి నొక్కితే శుభాంగి ఎడిటర్లో లైను చెరిగిపోతుంది. పెద్దవాడైన అంబదాస్ ఎడిటర్లో ఆ లైను కింద అలాంటిదే ఇంకోటి పుడుతుంది. ప్రాచి ఎడిటర్లోనైతే అదే మాట ఇంకెక్కడుందో వెతికి పట్టుకుంటుంది.

ఒకరోజు లాడ్జి యజమాని కాశీరాం వీళ్లు తయారుచేస్తున్న తన వెబ్‌సైటు చూసుకుందామని వచ్చాడు. తన కంప్యూటర్ మొరాయించడంతో శుభాంగి అంబదాస్ సీట్లో కూర్చుని చూపించింది.

"బిడ్డా, గా మూల రూము తీసెయ్. అండ్ల పరుపులు పెట్టినం," అన్నాడాయన.

ఆమె వేళ్లు ఆ రూము లైనుమీద అలవాటుగా కంట్రోల్ డి నొక్కేశాయి. మూల రూములు రెండయ్యాయి. కంగారులో గబగబా నొక్కేకొద్దీ తెర కిందిదాకా బారులు తీరాయి.

కాశీరాం కళ్లజోడు సవరించుకున్నాడు. "ఓరి దేవుడా! నా లాడ్జికి గిన్ని మూలలు యాడికెళ్లి అచ్చినయ్?"

ముందు ప్రాచి కిసుక్కుమంది. ఆపైన నవ్వు ఎవరికీ ఆగలేదు, కాశీరాంకీ ఆగలేదు.

ఆయన వెళ్లగానే శుభాంగి లేచి, అన్నలాంటి అంబదాస్ ముందు నిలబడింది. "దాదా, ఇగ గిట్ల నడ్వది. మూడిట్ల షార్ట్‌కట్లు ఒక్కతీరుగ పెడ్దాం."

"పెట్టు. నా డి మాత్రం ముట్టకు," అన్నాడు అంబదాస్.

"మరి నా డి ఏం పాపం చేసింది?" అని ప్రాచి లేచింది.

మిర్చి భజ్జీలు వచ్చాయి, అయిపోయాయి, తగువు తెగలేదు. చివరికి శుభాంగే దిగివచ్చింది. డి అంబదాస్‌కు వదిలేసింది. లైను చెరపడానికి ప్రాచి వాడే కంట్రోల్, షిఫ్ట్, కె కీలకు ఒప్పుకుంది. ఫైళ్లు వెతకడానికి మాత్రం తన షార్ట్‌కటే ఉండాలని పట్టుబట్టి గెలిచింది. ఒక్కో ఎడిటర్ సెట్టింగుల్లోకి వెళ్లి పాతవి తీసేసి కొత్తవి పెట్టింది.

ఇక పరీక్ష. మళ్లీ దారికొచ్చిన తన కంప్యూటర్లో నొక్కింది. ప్రాచి సీటుకు ఉరికింది. అంబదాస్‌ను కుర్చీతో సహా పక్కకు తోసింది. "పోయింది! ఈడ గూడ పోయింది!" అంటూ గంతులేసింది.

చాయ్ తెచ్చిన వెంకవ్వ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏం పోయింది బిడ్డా? పర్సా?"

"లైను పోయిందవ్వా!"

"కరెంటు లైనా? కింద ఉన్నదే!"

శుభాంగి పకపకా నవ్వి, ఆమెను అంబదాస్ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, వేళ్లు పట్టుకుని మూడు కీలూ ఒక్కసారే నొక్కించింది. తెరమీద లైను మాయమైంది.

వెంకవ్వ కళ్లు మెరిశాయి. "మస్తుగున్నది! ఇంకోటి తియ్యనా?" అంటూనే తీసేసింది. ఇంకోటి. ఇంకోటి.

"అవ్వా, ఆగు! అది లాడ్జి అసలు ఫైలు!" అని అంబదాస్ ఒక్క ఉరుకు ఉరికాడు.