ఏది పోతుందో చెప్పలేని లెక్క

తూప్రాన్ దగ్గర బ్యాటరీలు తయారుచేసే ఫ్యాక్టరీలో నాది మన్నిక లెక్కకట్టే పని. ఎలక్ట్రిక్ ఆటోలకు వెళ్లే ప్యాకుల్లో కొన్నింటిని పక్కకు తీసి, వేడి గదిలో పెట్టి, అవి పాడయ్యేదాకా ఆపకుండా చార్జి చేస్తూ ఖాళీ చేస్తూ ఉంటాం. బయట ఏళ్లకు పోయేది అక్కడ వారాల్లో పోతుంది. ఏది ఎప్పుడు పోయిందో గ్రాఫు మీద చుక్కలుగా పెడితే, అమ్మినవి ఎంతకాలం నడుస్తాయో అంచనా దొరుకుతుంది. నూటికి ఎన్ని పోతాయో చెప్పగలను. ఏది పోతుందో చెప్పలేను.

పోయిన ఎండాకాలానికి ముందు ఒక లాట్, అంటే ఒకే విడతలో తయారైన ప్యాకుల, చుక్కలు చూసి నాకు భయం వేసింది. వయసు మీరి పోయే బ్యాటరీలు చివర్లో వరసగా పోతాయి. ఇవి మొదట్లోనే పొట్ట ఉబ్బి పోతున్నాయి. అలా ఉబ్బినవి అంటుకోవచ్చు కూడా. పుట్టుకలోనే ఏదో లోపం ఉంది. మేనేజర్‌కు చూపించాను.

"శాంపిల్ చిన్నదమ్మా. ఇంకొన్ని పెట్టి చూద్దాం," అన్నాడు.

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఇంకొన్ని పెట్టాం. ఈలోపు లారీలు లోడుతో వెళ్తూనే ఉన్నాయి.

ఒక ఆదివారం మెదక్ చర్చి నుంచి ఆ ఊళ్లోనే ఉన్న అక్కవాళ్లింటికి వెళ్లాను. బావ హవేలిఘనపూర్ రూటులో తిప్పడానికి కొత్త ఆటో కొన్నాడు. దాన్ని వసారాలో, పిల్లలు పడుకునే మంచం పక్కనే చార్జింగ్‌కు పెట్టాడు. సీటు ఎత్తి బ్యాటరీ మీద నంబరు చూశాను. ఆ లాటే.

"బావా, జర దీన్ని బయట పెట్టుండ్రి. గీ లాట్ బ్యాటరీలల్ల కొన్ని అంటుకునేటట్టున్నయి."

"నాదంటుకుంటదా?"

"గదే చెప్పలేను."

"మరేం చదువే నీది! మంచిగనే నడుస్తున్నది గదా. బయట వానకు తడిస్తె?"

అక్క మాత్రం నా ముఖం చూసి లేచి ప్లగ్గు పీకింది. "మా చెల్లె ఊకెనే బుగులు పడేది గాదు. గోడవతల పెట్టు," అంది. బావ గొణుక్కుంటూనే తోసుకెళ్లాడు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. మాట రావడం లేదు, ఏడుపే. నేను వెళ్లేసరికి ఆటో ఇనుప చట్రం మాత్రం మిగిలింది. గోడ పైదాకా నల్లబడింది. పిల్లలు అక్కను పట్టుకుని ఉన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. బావ ఇసుక బకెట్ పట్టుకుని, వసారాలో ఖాళీ మంచం వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ తర్వాత కంపెనీ ఆ లాట్‌ను వెనక్కి పిలిచింది. కొన్ని వచ్చాయి. చేతులు మారినవి, ఫోన్ నంబర్లు కలవనివి ఎక్కడ తిరుగుతున్నాయో తెలియదు.

మొన్న బస్టాండ్ దగ్గర ఒక ఆటో ఆపి, "చార్జింగ్ ఏడ పెడుతవు తమ్మీ?" అని అడిగాను.

"ఇంట్లనే అక్కా. పండుకునే కాడ్నే."

షోరూంకు పోయి బ్యాటరీ ఒక్కసారి చూపించమని చెప్పాను. సరేనని తలూపి, వెనక కూర్చున్నవాళ్లతో వెళ్లిపోయాడు.