పక్క సేనులో బోరు లారీ

ఒకరు చెప్తే వినేది నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అని మా నాయన ఎప్పుడూ ఎగతాళి చేస్తాండె. అట్లాంటి నేను ఒక్క పూటలో మెత్తబడినా.

కుందుర్పి పక్కన మా సేను, సేను పక్కనే ఇల్లు. ఆ యేడు శెనిక్కాయ చెట్లకు ఊడలు నేలలోకి దిగే వేళకు వాన మొగం చాటేసింది. అప్పుడు తడి లేకుంటే కాయ పట్టదు, చెట్టు పశువుల మేతకే. మా బోరులో నీళ్లుండాయి. పక్క సేనాయన బోరు ఎండిపాయె. ఆయన నన్ను అక్కా అంటాడు గానీ చుట్టరికమేం లేదు. రెండు తడులు నీళ్లు ఇమ్మని అడిగితే, నాకే చాలవని మొగం మీదనే చెప్పినా.

మర్నాడు పొద్దున్నే ఆయన సేన్లో బోరు లారీ! అదీ మా బోరుకు పది బారల దూరంలో. మా పక్క అందరం చేసే తప్పే అది: పక్కోని బోరులో నీళ్లుంటే దాని పక్కనే మనమూ వేసేది, రెండూ ఎండబెట్టుకునేది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికినా. ఈడ బోరు వేస్తే నీదీ నిలవదు, నాదీ పోతాదని గట్టు మీద నిలబడి నోటికొచ్చినట్లు తిట్టినా. ఆయన తల వంచుకొని విన్నాడు. లారీవాళ్లు ఇనుప రాడ్లు దించుతానే ఉండారు.

న్యాయం నా పక్కే అంటాదని ఇంటికొచ్చి అత్తకు చెప్పినా. ఆమె కాయలు ఒలుస్తా, తలెత్తకుండానే అనింది:

"గట్టు పైన ఉండాది. కింద నీళ్లకు యాడుండాదే గట్టు?"

ఇంతసేపూ నేను అరిచిందీ అదే కదా. ఆయన బోరు వేస్తే నాది ఎండుతాదంటే, ఆ నీళ్లు ఇద్దరివీ అన్నట్లే. తిట్టేటప్పుడు తెలిసింది, ఇచ్చేటప్పుడు తెలియకపాయె. సిగ్గేసింది. ఆ వెంటనే ఎక్కడలేని తొందర పుట్టింది. వాళ్లు నేల తొలవకముందే పోవల్ల, నీళ్లిస్తానని చెప్పల్ల. మళ్లా ఉరికినా.

పోయేసరికి లారీ వెనక్కి తిరిగి బాట ఎక్కుతాంది. దుమ్ములో ఆయన ఒక్కడే నిలబడి ఉండాడు. నేను మనసు మార్చుకున్న సంగతి ఆయనకు తెలీదు. ఏమప్పా, ఎందుకు పంపిస్తివి అని రొప్పుతా అడిగినా.

"నువ్వు చెప్పింది నిజమే కదక్కా. నా పంట ఎట్లాగూ పోయేదే, నీదన్నా నిలబడనీ."

అన్ని తిట్లలో నుంచి న్యాయం ఒక్కటే ఏరుకున్నాడు ఆ మనిషి. నాకు ఏడుపూ సంతోషమూ ఒకటే సారి వచ్చినాయి. కరెంటు ఉండేది మధ్యాన్నం దాకనే, నిలబడొద్దు, పైపులు ఎత్తు అని అరిచినా. మా పైపులు చాలలేదు, ఆయనవీ తెచ్చి కలిపినాము. రెండిళ్లవాళ్లం గట్టు మీద అటూ ఇటూ ఉరుకులాడతాంటే అత్త కూడా చేట పక్కన పెట్టి వచ్చింది. మోటరు వేసినా. పైపు కొస మొదట గాలి కక్కింది, తర్వాత బురద, ఆ తర్వాత తెల్లగా నీళ్లు.

నాలుగు సాళ్లు తడిసినాయో లేదో, చాలక్కా, ఇంక నీ సేనుకు తిప్పుకో అన్నాడు ఆయన. ఒకరు చెప్తే వినేది ఆ పొద్దే నేర్చుకున్నా గానీ, ఆ మాట మాత్రం నేను వినలేదు.