సగం గుండు

మమ్మల్ని దించిన హెలికాప్టర్ రెక్కలు ఆపకుండానే వెళ్ళిపోయింది. ఎదురుగా నిటారుగా మంచు. దాని కింద ఒక గుడిసె, కిరోసిన్ స్టవ్, ఒక మెషిన్ గన్. చలికాలమంతా అదే మా సరిహద్దు పోస్టు. మన టాటానగర్లో మే నెల ఎండని తిట్టుకునేవాణ్ణి. అక్కడ దిగిన పూటే ఆ ఎండ మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

నాది రేడియో డ్యూటీ. గన్నర్ మనవాడే, టాటానగర్ రైల్వే కాలనీ తెలుగువాడు. నేనేమో అదే ఊళ్ళో అగ్రికో పేటలో పెరిగిన క్రైస్తవుణ్ణి. ఊళ్ళో ఒకరి మొహం ఒకరు ఎరగం. పోస్టులో మాత్రం పక్కపక్కనే పడుకునేవాళ్ళం.

జనవరిలో కింద బేస్ క్యాంపు నుంచి కబురొచ్చింది. గన్నర్ తల్లి పోయింది. రేడియో నా చేతిలో ఉంది కాబట్టి చెప్పాల్సిన పాపం కూడా నాదే.

"నానెల్తాను," అన్నాడు. "పెద్దకొడుకుని. తలకొరివి నాను గాక ఎవుడెడతాడు?"

ముందురోజే దిగే దారి మీద మంచుచరియ విరిగిపడింది. గాలి తగ్గలేదు. "ఎవరూ కదలడానికి లేదు," అన్నాడు పోస్టు కమాండర్, ఒక హవల్దార్. తర్వాత నన్ను పక్కకి పిలిచాడు. "వాడి మీద కన్నేసి ఉంచు. ఒంటరిగా దిగితే మనకి శవం కూడా దొరకదు."

ఆ రోజు నుంచి గన్నర్ బూట్లు నా స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకున్నాను. అతనికి తెలుసు. ఒక్కసారీ అడగలేదు. ఏడవనూ లేదు. డ్యూటీ లేనప్పుడల్లా తలుపు వంకే చూసేవాడు. నాకు భయమేసింది.

పక్కవాడి కష్టసుఖాలు మనవే అనుకోవాలని చర్చిలో చిన్నప్పట్నించీ విన్నవాణ్ణి. నోటికొచ్చిన ఓదార్పంతా మొదలుపెట్టాను.

"సెప్పకురా," అన్నాడు. "కూకో."

పక్కన కూర్చున్నాను.

పదో రోజున రేజరు నా చేతికిచ్చి, "గుండు గియ్యి," అన్నాడు. కర్మ చెయ్యడానికి అతనికి దొరికింది అదొక్కటే. మా వంటవాడు, తెలుగు రాని హిందీవాడు, స్టవ్ మీద మంచు కరిగించి నీళ్ళు తెచ్చాడు. పాపం అతని గొడవ అతనికుంది. భార్యకి కాన్పు కష్టమైందని బేస్ నుంచి కబురు.

నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఒక పక్క గీయడం అయ్యేసరికి రేడియో పలికింది. రేజరు పెట్టేసి అందుకున్నాను. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం.

వెళ్ళి వంటవాడి చెవిలో చెప్పాను. అతని మొహం వెలిగింది. అంతలోనే గన్నర్ వంక చూసి నా చెయ్యి పట్టుకున్నాడు.

"అభీ మత్ బోలో, భాయ్. ఇప్పుడే చెప్పకు. వాడి తల్లి పోయింది." గోడవైపు తిరిగాడు. ఆనందం ఆపుకోలేక భుజాలు కదులుతున్నాయి.

గన్నర్ ఆ భుజాలు చూశాడు. సగం గుండు, సగం జుట్టుతో లేచి వచ్చాడు. మెడ మీద నీళ్ళు కారుతున్నాయి. వెనకనుంచి వంటవాణ్ణి గట్టిగా పట్టుకున్నాడు.

"రో లే భాయ్. మై హూఁ." ఏడు, నేనున్నానని ధైర్యం చెప్పాడు.

తల్లికోసం రాని ఏడుపు అప్పుడొచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చాడు. నా వైపు తిరిగి, "పోయిందేట్రా ఈడి పెళ్ళాం?" అన్నాడు.

కమాండర్ తలుపుకి అడ్డంగా జరిగాడు. ఇంకా దాస్తే ఘోరం. చెప్తే గన్నర్ ఏం చేస్తాడో తెలీదు.

"లేదురా. ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగున్నారు."

గన్నర్ వంటవాడి మొహాన్ని రెండు చేతులతో తనవైపు తిప్పుకున్నాడు.

"మరి దాత్తావేటి, ఎర్రోడా?" అన్నాడు తెలుగులోనే. వంటవాడికేం అర్థమైందో గాని భోరుమన్నాడు. "హల్వా బనా, చెయ్యి," అన్నాడు గన్నర్. "నాకు మైల, నాను తినను. మీరు తినండి."

మిగతా సగం గీసేశాను. వంటవాడు ఉన్న రవ్వంతా పోశాడు. ఆ సాయంత్రమే బూట్లు తీసి గన్నర్ పక్కన పెట్టేశాను. అతను ఎక్కడికీ వెళ్ళలేదు. దారి తెరిచాక తాడు కట్టించుకుని అందరితోపాటు దిగాడు.

నేను టాటానగర్లో రైలు దిగేసరికి ఎండలు ముదిరాయి. మా చర్చిలో పెళ్ళికి పిలిచినా, చావుకి పిలిచినా వెళ్తాను. శత్రువు ఎలా ఉంటాడని మీరంతా అడుగుతారు. వాణ్ణి నేను సరిగ్గా చూడనేలేదు. కళ్ళు మూస్తే కనిపించేది గన్నరే. కొత్త గుండుతో, ఖాళీ చేతులతో మా మధ్య కూర్చుని, మేం తింటుంటే ఒక్కొక్కర్నీ అడుగుతున్నాడు.

"తీపి సరిపోయిందేటి?"